మెట్ల మీద చోటు

పోయిన వారం కథ ఆపుతూ మన నిచ్చెన అనే పిల్లను గుమ్మంలోనే నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. సెలవుల్లో వాలీబాల్ శిక్షణకని వెళ్ళి ఇప్పుడే ఇల్లు చేరిన పిల్ల. భుజాన సంచీ దించలేదు, బూట్ల తాళ్ళు విప్పలేదు. శిబిరంలోకి ఫోన్లు రానివ్వరని తెలిసి, వెళ్తూ వెళ్తూ తన ఫోను అమ్మమ్మ చేతిలో పెట్టి వెళ్ళింది. ఇప్పుడు దాన్ని తిరిగి పుచ్చుకుని, నిద్రలో కూడా కలవరించిన గ్రూపును తెరిచింది. తెర మీద ఒకటే ముక్క: మిమ్మల్ని ఈ గ్రూపు నుంచి తొలగించారు.

చిన్న వాక్యమే. పదిహేనేళ్ళ పిల్ల నెత్తిన పడితే దాని బరువెంతో పెద్దవాళ్ళకు చెప్పడం కష్టం. ఉన్నట్టుండి ఉద్యోగం ఊడినవాడికి కొంత అర్థమవుతుంది. అదీ కొంతే. వాడు ఇంటికొచ్చి తలుపు వేసుకుంటే ఆఫీసు బయటే ఉండిపోతుంది. ఈ పిల్లలకు ఆ సౌకర్యం లేదు. తలుపు వేసుకున్నా ఊరంతా అరచేతిలోనే ఉంటుంది.

ఆ గ్రూపు పేరు 'మెట్లు'. బడిలో పై అంతస్తు నుంచి డాబా మీదికి పోయే మెట్లున్నాయి. పైన తలుపుకు ఏళ్ళ తరబడి తాళం ఉండటంతో ఎక్కేవాడూ లేడు, దిగేవాడూ లేడు. భోజనాల వేళ పదో తరగతిలో ఒక జట్టు వెళ్ళి అక్కడ కూర్చుంటుంది. ఎవరి మెట్టు వాళ్ళది. ఫోనులో గ్రూపు కూడా వాళ్ళదే. ఇక్కడ పేరు లేనివాళ్ళకు అక్కడ కూర్చునే హక్కు లేదు. ఈ మాట ఎవరూ ఎక్కడా అనలేదు, అయినా అందరికీ తెలుసు. బడిలో అన్నిటికంటే గట్టిగా అమలయ్యే చట్టాలు ఇలాంటివే.

మన పిల్ల ఈ బడికి కొత్తగా వచ్చినప్పుడు ఏడాది పాటు అదే అంతస్తులో నీళ్ళ కుళాయిల దగ్గర నిలబడి తినేది. కూర్చుని తింటే ఒంటరిగా ఉన్నట్టు తెలిసిపోతుంది, నిలబడితే ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది కదా, అదీ లెక్క. పైగా ఆ ఏడాదే వెదురు బొంగులా ఎదిగింది. ఒకనాడు పైమెట్టు మీంచి ఒక గొంతు ఖంగుమంది. "ఏయ్ నిచ్చెనా, అక్కడేం పని నీకు? మెట్లున్నచోటికి రా." అందరూ నవ్వారు. వెక్కిరింతే అనుకోండి. కానీ ఏడాదిలో తనను పిలిచిన మొదటి పిలుపు అది. ఆ రోజు నుంచి కటకటాల పక్కనున్న మెట్టు తనది, నిచ్చెన అన్న పేరూ తనది. రెండూ ఒకే రోజు వచ్చాయి కాబట్టి రెండిటినీ ఒకేలా దాచుకుంది.

పిలిచిన పిల్లను అందరూ గంట అంటారు. ఆ గొంతుకు ఆ పేరే సరి. మిగతావాళ్ళకూ బొంగరం, సోడాబుడ్డి అంటూ ఇలాంటి మారుపేర్లే. జట్టుకు పెద్ద తనే. గ్రూపులో ఒక నియమం పెట్టింది కూడా తనే: రోజూ సాయంత్రం ప్రతివాళ్ళూ ఒక ఫొటో పెట్టాలి. దాన్ని దండ అంటారు. దండ తెంపినవాళ్ళు ఇంటికి.

అందుకే శిబిరానికి వెళ్ళేముందు అమ్మమ్మకు పాఠం చెప్పి వెళ్ళింది నిచ్చెన. రోజూ ఒక ఫొటో తియ్యి, గోడో, సీలింగో, ఏదో ఒకటి. తీసి ఇక్కడ నొక్కు. మిగతా పిల్లలు పెట్టినవాటి కింద ఒక్కో హార్ట్ నొక్కు. అందరికీ నొక్కు, లేకపోతే బాధపడతారు. రాయడం మాత్రం రాయకు, ఒక్క అక్షరం కూడా. శిబిరం సంగతి జట్టులో ఎవరికీ చెప్పలేదు. దండ ఇంకొకరి చేత కట్టించడం తెంపడం కంటే పెద్ద తప్పు.

ఇక గుమ్మంలోంచి లోపలికి వద్దాం.

అమ్మమ్మ కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకు గుండీ కుడుతోంది. పక్కన ముక్కాలిపీట మీద పాతకాలపు ఫోను, తీగతో సహా. ఇంట్లో అందరి చేతుల్లోనూ ఫోన్లున్నా ఆ తీగ ఫోనును తీసేయడానికి ఆమె ఒప్పుకోదు. ఆసుపత్రి ల్యాబు కౌంటర్లో పనిచేసే కూతురు కూడా అమ్మతో మాట్లాడాలంటే దానికే చెయ్యాలి.

ఏ రోజు మానేశావమ్మమ్మా అని అడిగింది మనవరాలు, ఏడుపు పళ్ళ బిగువున ఆపుకుంటూ. మానడమేమిటని ఆశ్చర్యపోయింది అమ్మమ్మ. జ్వరం వచ్చిన రోజు కూడా కప్పుకున్న దుప్పటినే ఫొటో తీసి పెట్టానని, కావాలంటే చూసుకోమని చెప్పింది. నిన్న సాయంత్రం నుంచి మాత్రం అదేమిటో తెరుచుకోవడం లేదు, లైను పాడైనట్టుంది, కంప్లైంటు ఎక్కడివ్వాలో తెలియక నీకోసమే చూస్తున్నానంది.

నిచ్చెన అక్కడే నేల మీద చతికిలబడి పాత ఫొటోలన్నీ పైకి జరిపి చూసింది. నిజమే, దండ ఎక్కడా తెగలేదు. గోడా సీలింగూ చాలని చెబితే ఆమె వింటుందా? తీగ మీద ఆరేసిన బట్టలకు పెట్టే క్లిప్పులు, వరసగా పక్షుల్లా. గోడ గడియారం వెనకనుంచి తొంగిచూస్తున్న బల్లి తోక. వాన పడ్డాక కిటికీ ఊచ మీద ఆగిన చుక్క. ఒక రోజు మాత్రం కెమెరాకు అడ్డం వేలు పెట్టి, తెరంతా ఎర్రటి చీకటి. దాని కింద పిల్లలు ఎంత లోతైన ఫొటో అని, నిచ్చెనా నీలో ఇంత కళ ఉందా అని రాశారు. అన్నిటికంటే ఎక్కువ హార్టులు అమ్మమ్మ బొటనవేలికే పడ్డాయి.

ఇంకో వేళయితే ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వేది. ఇప్పుడు కళ్ళు వేరేదాన్ని వెతుకుతున్నాయి. విడిగా గంట పంపిన సందేశం దొరికింది. నిన్నటిది.

'బొంగరానికి రోజూ హార్టులు పెడుతున్నావు. నిన్ను చూసి సోడాబుడ్డి పెట్టింది. మొన్న ఇంకిద్దరు. నేను చెప్పింది మరిచిపోయావా, కావాలని చేస్తున్నావా? మీ ఇంట్లో ఎవరో తెలియక నొక్కారని రేపు దండ మొదలయ్యేలోపు ఒక్క ముక్క రాయి, వెనక్కి తీసుకుంటాను. లేదంటే ఎల్లుండి బడి తెరిచాక నీ మెట్టు మీద ఇంకొకరు కూర్చుంటారు.'

ఆ రేపు ఇవాళే. ఎల్లుండి అంటే తెల్లారితే వచ్చే సోమవారం.

"అమ్మమ్మా, బొంగరానికి హార్టులు పెట్టావా?"

"బొంగరమెవరే?"

"ఇదిగో, ఈ పిల్లి ఫొటో."

"ఓ, పిల్లి అమ్మాయా? పెట్టాను. అందరికీ పెట్టమన్నావుగా."

"దీనికి పెట్టకూడదు."

"ఎందుకని?"

ఆ ప్రశ్న చాలా మామూలుగా వచ్చింది, ఉప్పెక్కడుందని అడిగినట్టు. నిచ్చెన గంట సందేశం చదివి వినిపించి, జరిగిందంతా మొదటినుంచి చెప్పుకొచ్చింది.

కథ చిన్నదే. బడి వార్షికోత్సవం నాడు గంట స్టేజీ ఎక్కి పాడుతూ పాడుతూ మధ్యలో చరణం మరిచిపోయింది. ముందు వరసలో బొంగరం కూర్చుని ఉంది. ఆ పిల్ల కుదురుగా ఒకచోట కూర్చున్నది లేదు, నోరు కట్టుకున్నది అంతకంటే లేదు. ఫక్కున నవ్వింది. అంతే. తర్వాత వెళ్ళి క్షమించమని కూడా అడిగింది. మర్నాడు గంట అందరికీ విడివిడిగా కబురు పంపింది: బొంగరం ఫొటోలకు ఇక ఎవరూ హార్ట్ పెట్టకండి, అది రాసినదానికి బదులివ్వకండి. గ్రూపులోంచి మాత్రం తీసేయను.

అందులోనే ఉంది కిటుకంతా. వెళ్ళగొడితే ఒకసారి ఏడ్చి ఊరుకుంటుంది. ఉండనిచ్చి పలకకపోతే రోజూ ఏడుస్తుంది. పెద్దవాళ్ళ కుటుంబ తగాదాల్లో కూడా ఇంత తెలివైన శిక్ష చూడం. పదిహేనేళ్ళకే అబ్బింది ఆ పిల్లకు. దండ తెంపితే మెట్టు పోతుందని బొంగరం రోజూ ఫొటో పెట్టేది. పిల్లి, బస్సు కిటికీ, కొత్త బూట్లు, మళ్ళీ పిల్లి. కింద ఒక్క గుర్తూ ఉండేది కాదు. మెట్ల మీద కూడా అంతే. ఆ పిల్ల కూర్చునేది, మాటలు ఆమె తల మీదుగా పోయేవి.

అమ్మమ్మ సూది గుండీలోనే ఆపేసి అంతా వింది. తర్వాత, కోపమేమీ లేకుండా, అడిగింది.

"వెళ్ళేముందు నాకన్నీ చెప్పావు. ఎక్కడ నొక్కాలో, ఎప్పుడు నొక్కాలో. అందరికీ అన్నావు. ఈ ఒక్కదానికి తప్ప అనలేదే. మరిచిపోయావా?"

నిచ్చెన మరిచిపోలేదు. ఆ మాట ఆ రోజు నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా అమ్మమ్మ ముఖం ఉంది, పాఠం వినే పిల్లలా కళ్ళజోడు సరిచేసుకుంటూ, ఊ తర్వాత అంటూ. ఆ ముఖం చూస్తూ 'ఒకళ్ళకి తప్ప' అనడానికి నోరు రాలేదు. వేలితో ఇన్నాళ్ళు చేసిన పనిని నోటితో చెప్పాల్సివస్తే చెప్పలేకపోయింది. అందుకని మింగేసి, అందరికీ అనేసి, బస్సెక్కింది.

దొరికిపోయిన మనిషికి మొదట వచ్చేది సిగ్గు కాదు, కోపం. నిచ్చెనకూ అదే వచ్చింది.

"నీకేం తెలుసమ్మమ్మా? నీకు ఆట. రేపటినుంచి మళ్ళీ కుళాయిల దగ్గర నిలబడి తినాల్సింది నేను."

"ఏ కుళాయిలు?"

ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఒక్కసారిగా కట్ట తెగినట్టు బయటపడింది. డబ్బా మూత అరచేతిలో పెట్టుకుని తినడం, ఎవరైనా అటు వస్తే అప్పుడే తినడం అయిపోయినట్టు చెయ్యి కడుక్కోవడం, సగం అన్నం డబ్బాలోనే మిగిలితే బడి గేటు దగ్గర కుక్కకు పెట్టి ఖాళీ డబ్బా ఇంటికి తేవడం. అమ్మమ్మ రోజూ ఆ డబ్బా మూత తీసి, నా వంట అంటే ఎంత ఇష్టమో దీనికి, అడుగు కూడా మిగల్చదు అని మురిసిపోయేది.

ముసలామె చొక్కా పక్కన పెట్టి, కష్టపడి మోకాళ్ళు వంచి, కుర్చీలోంచి దిగి నేల మీద మనవరాలి పక్కన కూర్చుంది. ఆమె నేల మీద కూర్చోవడం ఇంట్లోవాళ్ళు చూసి చాలా ఏళ్ళయింది.

"ఇంకో తప్పు కూడా చేశాను," అంది. "రాయకు అన్నావు. రాశాను."

ఇక్కడ ఈ అమ్మమ్మ ఎవరో మళ్ళీ ఒకసారి చెప్పుకోవాలి. ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ట్రంకు కాల్ బుక్ చేసుకుని గంటల కొద్దీ కాచుక్కూర్చున్న రోజులవి. చెవులకు హెడ్‌ఫోను, ఎదురుగా గోడంత బోర్డు, బోర్డు నిండా చిల్లులు, ఒక్కో చిల్లు మీద బుల్లి దీపం. ఎక్కడో ఎవరో ఫోను ఎత్తితే ఇక్కడ దీపం వెలుగుతుంది. తీగ దూర్చి, లైన్‌లో ఉన్నాను చెప్పండి అనాలి. అవతలి ఊరిని పిలవాలి. ఇద్దరినీ కలిపి తను తప్పుకోవాలి. వినకూడదు, మధ్యలో మాట కలపకూడదు. కానీ వెలిగిన దీపాన్ని చూసీ చూడనట్టు ఊరుకోవడానికి వీల్లేదు. వెనక సూపర్‌వైజరు పిల్లిలా తిరుగుతూ ఉండేది. బిడ్డ పుట్టిన కబుర్లూ, మనిషి పోయిన కబుర్లూ ఆమె వేళ్ళ మీదుగా ఊళ్ళు దాటాయి. ఒక్కటి కూడా ఆమె పెదవి దాటలేదు. ఆ నిగ్రహం ఎంతటిదో, మన వీధిలో ఒక వార్త ఎంతసేపు ఆగుతుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

అలాంటి మనిషి చేతికి ఫోనిచ్చి అందరి ఫొటోల కిందా గుర్తు పెట్టమంటే ఏం చేస్తుంది? మొదటి సాయంత్రమే ఆమె కంటికి ఒకటి ఆనింది. అన్నిటి కిందా హార్టులు వరసగా ఉన్నాయి, ఒకదాని కింద ఏమీ లేదు. మర్నాడూ అంతే. బోర్డు మీద ఒక దీపం వెలుగుతూ ఉంది, ఎవరూ తీగ దూర్చడం లేదు. పిల్లలు మరిచిపోతున్నారనుకుంది. మరిచిపోకుండా తను పెట్టింది. అక్కడితో ఊరుకునేదే. మూడో రోజు ఆ పిల్ల విడిగా రాసింది: 'పొరపాటున నొక్కావా?'

జవాబు రాయకూడదన్న మాట గుర్తుంది. ఆ రాత్రి రాయలేదు. పొద్దున్నే చూస్తే ఆ ప్రశ్న అలాగే వెలుగుతూ ఉంది.

"ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ లైన్లో దూరి మాట్లాడలేదు నేను," అంది అమ్మమ్మ. "అక్కడ అవతల ఒక మనిషి ఉండేవాడు. కలిపి తప్పుకుంటే సరిపోయేది. ఇక్కడ ఎంతసేపు చూసినా అవతల ఎవరూ లేరు. మరి నేనే ఉండాల్సి వచ్చింది."

నీ పేరుతో మాట్లాడటం మాత్రం తప్పే, అని కూడా ఆమే అంది. మా కాలంలో అయితే దీనికి ఉద్యోగం ఊడేది. ఇప్పుడు నీ మెట్టు పోయేట్టుంది. కాబట్టి దిద్దుకోవడం కూడా సులువే. ఆ గంట ఏమడిగింది? ఇంట్లో ఎవరో తెలియక నొక్కారని రాయమంది. నిజమే కదా. మా ముసలమ్మ నొక్కిందని రాసెయ్యి, అబద్ధం కూడా కాదు, ఫొటోల సంగతి అది అడగనే లేదు. ఒక్క ముక్కతో పోయేదానికి ఏడుపెందుకు?

మనిషికి కష్టం వచ్చినప్పుడు నిజం చెప్తే చాలు బయటపడతావన్న అవకాశం ఎంత అరుదుగా వస్తుందో మనకు తెలుసు. నిచ్చెన ముఖం వికసించింది. ముక్కు ఎగబీల్చి గంటకు రాయడం మొదలుపెట్టింది. 'అది నేను కాదు, మా అమ్మమ్మ' వరకూ రాసింది. పంపేముందు, ఈ ముసలామె ఇంతకీ ఏం రాసిందో ఒకసారి చూద్దామనుకుని బొంగరం సందేశాలు తెరిచింది.

అమ్మమ్మ రాసింది చాలా తక్కువ. ప్రతిసారీ ఒకటే మొదలు: 'లైన్‌లోనే ఉన్నాను తల్లీ, చెప్పు.'

"తల్లీ ఏమిటమ్మమ్మా? పదిహేనేళ్ళ పిల్ల ఇంకో పదిహేనేళ్ళ పిల్లను తల్లీ అంటుందా?"

"అనరా?" అంది అమ్మమ్మ, నిజంగానే తెలియక.

మిగతాదంతా బొంగరం రాసిందే. మొదట రెండు మాటలు, తర్వాత నాలుగు, తర్వాత తెర నిండా. పిల్లి పిల్లల్ని పెట్టిందనీ, వాటిలో ఒకటి ఎవర్నీ లెక్కచేయకుండా నడుస్తుంది కాబట్టి దానికి గంట అని పేరు పెట్టాననీ, ఆ మాట ఎవరికీ చెప్పొద్దనీ. మెట్ల మీద తను మాట్లాడినప్పుడు ఎవరూ వినకపోతే తన గొంతు నిజంగా బయటికి వచ్చిందో లేదో తనకే అనుమానం వచ్చి, ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి మాట్లాడి చూసుకుంటాననీ. ఆ దగ్గర నిచ్చెన వేలు ఆగిపోయింది. కుళాయిల దగ్గర తను కూడా అప్పుడప్పుడు అలాగే, మెల్లిగా, తన పేరు తనే పలికి చూసుకునేది.

కింద ఇంకోటి ఉంది, మొన్నటిది.

'ఈ బడి వద్దు, వేరే బడిలో వెయ్యమని నాన్నను ఏడ్చి ఒప్పించాను. ఇవాళ పొద్దున వద్దులే నాన్నా అన్నాను. ఎందుకే అని అడిగారు. నాకు అక్కడ ఒకళ్ళున్నారు అని చెప్పాను.'

దాని కింద అమ్మమ్మ ఏమీ రాయలేదు. ఒక్క హార్ట్ మాత్రం ఉంది.

నిచ్చెన ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ ఒకళ్ళు తనే. తన పేరు, పక్కన తన ముఖం. ఒక్క పని కూడా తను చేసింది కాదు. తను లేని రోజుల్లో తన పేరు పెట్టుకుని తనకంటే మంచి పిల్ల ఒకతె ఈ ఇంట్లో తిరిగింది. ఇప్పుడు 'అది నేను కాదు' అని రాస్తే గంట నమ్ముతుంది, మెట్టు దొరుకుతుంది. ఆ మాట సాయంత్రంలోగా బొంగరానికి చేరుతుంది. నీకు అక్కడ ఎవరూ లేరు, ఒక ముసలామె తెలియక నొక్కింది. ప్రతి ముక్కా నిజమే. నిజంతో కూడా మనిషి మెడ నులమవచ్చని ఆ పిల్లకు ఆ క్షణాన తెలిసింది.

అమ్మమ్మ ఆ ముఖం చూసింది, చూసి ఊరుకుంది. కలిపాక తప్పుకోవడం ఆమెకు అలవాటే.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఎండ కిటికీ అంచు దాకా దిగింది. ఇంకాసేపట్లో దండ మొదలవుతుంది. నిచ్చెన రాసిన ఐదు మాటలూ ఒక్కో అక్షరమే తుడిచేసింది. మళ్ళీ రాసింది. ఈసారి తప్పులు పడ్డాయి, దిద్దుకుంటూ రాసింది. రాసినదాన్ని అమ్మమ్మకు చూపించకుండానే పంపి, అప్పుడు చూపించింది.

'ఎవరూ తెలియక నొక్కలేదు. నేనే పెట్టాను. తను నవ్వింది ఒక్కసారి, క్షమించమని కూడా అడిగింది. మనం రోజూ చేస్తున్నాం. రేపు కూడా పెడతాను, గ్రూపులో లేకపోతే మెట్ల దగ్గరికొచ్చి నోటితో చెప్తాను.'

చూడండి ఈ పిల్లను. రేపు మధ్యాహ్నం డబ్బా పట్టుకుని ఎక్కడ నిలబడాలో తెలియదు. రణరంగంలో కత్తి దూసినవాళ్ళను లోకం పొగుడుతుంది. వాళ్ళ వెనక సైన్యమైనా ఉంటుంది. పదో తరగతిలో ఒంటరిగా తినడానికి సిద్ధపడటం అంతకంటే తక్కువ ధైర్యమేమీ కాదని నా నమ్మకం.

"అబద్ధమాడావు," అంది అమ్మమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"రేపటినుంచి నిజమవుతుందిలే."

"గంటకు ఏం చెప్పినా చెప్పు. ఆ పిల్లకు మాత్రం నిజం చెప్పాలమ్మడూ. నా మాటలు నీవనుకుంటోంది. వేరే మనిషి లైన్లో ఉన్నప్పుడు ఆ సంగతి చెప్పకపోవడం అన్యాయం."

చెప్తాను, కానీ ఇప్పుడే కాదు, అంది నిచ్చెన. ముందు స్నేహం కుదరనీ, ఒక నెల పోనీ, నవ్వుతూ చెప్పుకునే రోజు వస్తుంది, అప్పుడు. ఇప్పుడే చెప్తే ఆ పిల్ల మళ్ళీ వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి వేరే బడి అంటుంది. అమ్మమ్మకు ఇది నచ్చలేదు. నెల అన్న మాట ఎప్పుడూ నెలతో ఆగదని ఆమెకు తెలుసు. అయినా ఇవాళ్టికి ఈ పిల్ల చేసింది చాలనుకుని, చెయ్యి పట్టుకుని పైకి లేపమంది.

ఆమె లేచి కుర్చీలో కూర్చోబోతుండగా రెండు మోతలు ఒకేసారి మోగాయి. వీధి తలుపు గంట, ముక్కాలిపీట మీద తీగ ఫోను.

నిచ్చెన తలుపు తీసింది. వాకిలి మెట్ల మీద ఆయాసపడుతూ ఒక పిల్ల. ఒక కాలి మీద బరువు ఆన్చి, వెంటనే రెండో కాలి మీదికి మార్చి, మళ్ళీ మొదటి కాలికి. సందేహం లేదు, బొంగరమే. చేతిలో చిల్లులు పొడిచిన అట్టపెట్టె, అందులోంచి సన్నగా మ్యావుమంటున్న చప్పుడు.

"నావల్ల నిన్ను తీసేశారట. సోడాబుడ్డి చెప్పింది," అంది ఊపిరి తీసుకోకుండా. "ఫోనులో అడిగితే బాగుండదని వచ్చేశాను. గంటను తెచ్చాను. అంటే పిల్లిని. నీకివ్వడానికి. నువ్వు లేకపోతే నేనసలు..."

అక్కడ ఆగింది. ఎదురుగా ఉన్నామె భుజం మీదుగా ఇంట్లోకి చూస్తోంది. లోపల అమ్మమ్మ ఫోను ఎత్తి, మనవరాలు క్షేమంగా చేరిందో లేదో కనుక్కోవడానికి డ్యూటీ మధ్యలో చేసిన కూతురితో, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, ఖంగుమనే గొంతుతో అంటోంది:

"లైన్‌లోనే ఉన్నాను తల్లీ, చెప్పు."

బొంగరం కాళ్ళు కదలడం మానేశాయి. నిచ్చెన ఆ పిల్లను అంత కుదురుగా ఎన్నడూ చూడలేదు. తలుపుకు అడ్డంగా జరగబోయింది, ఏదో ఒకటి చెప్పబోయింది. బొంగరం అట్టపెట్టెను ఆమె చేతుల్లో పెట్టేసి, పక్కనుంచి లోపలికి వెళ్ళి, ఫోను పెట్టేదాకా ఆగి, ముసలామె ముందు నిలబడింది.

"అమ్మమ్మగారూ," అంది, "ఇప్పుడన్న మాట నాతో ఇంకొక్కసారి అనండి."